మనస్సు నలిగినప్పుడు ఎవరి తలుపు తట్టాలి?



ఒళ్లు వేడెక్కితే ఊళ్లో ఉన్న ఆర్.ఎం.పి. దగ్గరకు వెళ్తాము. చెయ్యి విరిగితే పుత్తూరు కట్టుకో, పట్నంలో ఎముకల డాక్టరు దగ్గరకో పరుగెత్తుతాము. మనస్సు విరిగితే మాత్రం తలుపు వేసుకుంటాము. చుట్టాలు అడిగితే "కొంచెం నలతగా ఉంది" అని చెప్పి పంపిస్తాము. ఈ నెల ఆ మూసిన తలుపు గురించే నాలుగు మాటలు చెప్పుకుందాము.

మన గ్రామాల నుండి చదువుకో, ఉద్యోగానికో హైదరాబాదు వెళ్లిన పిల్లలు ఎందరో ఉన్నారు. వారిలో కొందరు సినిమా పని వెదుక్కుంటూ వెళ్లినవారు. ఆదివారం ఆరాధనలో కీబోర్డు వాయించిన కుర్రవాడు, పాటలో పేరు తెచ్చుకున్న అమ్మాయి, క్రిస్మస్ నాటికలో హేరోదు వేషం వేసి మెప్పించిన పిల్లవాడు, "నీకు అక్కడ మంచి అవకాశం ఉంటుంది" అని నలుగురూ అంటే బస్సు ఎక్కినవారే. తెలుగు సినిమా మద్రాసు విడిచి హైదరాబాదుకు తరలివచ్చిన తరువాత బంజారాహిల్స్, జూబిలీహిల్స్ కొండల మీద అన్నపూర్ణ, పద్మాలయ, రామానాయుడు స్టూడియోలు వెలిశాయి. ఫిల్మ్‌నగర్‌లో ఫిల్మ్ చాంబరు ఉన్నది. ఆ కొండ దిగువన కృష్ణానగర్, ఇందిరానగర్ గల్లీలలో ఒక్కొక్క గదిలో నలుగురైదుగురు సర్దుకుని ఉంటారు. పని ఉన్న రోజు తెల్లవారక ముందే బయలుదేరాలి. పని లేని రోజు ఫోను వంక చూస్తూ కూర్చోవాలి. పోస్టరు మీద కనబడే ముఖాలు కొద్ది. 24 శాఖలలో పనిచేసే చేతులు వేలకు వేలు.

ఇంటికి ఫోను చేసినప్పుడు ఆ పిల్లలు "బాగానే ఉన్నానమ్మా" అంటారు. కొంతకాలానికి ఫోనులు తగ్గుతాయి. పండుగకు వస్తే ఒకడే గదిలో పడుకుంటాడు. అన్నం సహించదు, రాత్రి నిద్ర పట్టదు, పగలు లేవడు. కోపం వస్తుంది, లేకపోతే మాటే రాదు. అప్పుడు ఇంట్లో తలా ఒక మాట అంటారు. "ఎవరో ఏదో చేయించారు" అంటుంది మేనత్త. "పెళ్లి చేస్తే కుదురుకుంటాడు" అంటాడు పెద్దనాన్న. "ప్రార్థన తగ్గిపోయింది, అందుకే ఇలా" అంటారు సంఘంలో కొందరు. హైదరాబాదులో ఉన్న స్నేహితుడు మాత్రం, "జూబిలీహిల్స్‌లో ఒక కౌన్సిలర్ ఉన్నారట, చూపిద్దాం పిన్నీ" అంటాడు. ఆ మాట వినగానే తల్లిదండ్రుల మనస్సులో నాలుగు ప్రశ్నలు లేస్తాయి. మా పిల్లవాడికి పిచ్చి అంటారా? అక్కడికి వెళితే మా విశ్వాసం ఏమైనట్లు? వారు నిజంగా చదువుకున్నవారేనా, మోసమా? అంత డబ్బు ఎక్కడి నుండి తేవాలి? ఈ నాలుగు ప్రశ్నలూ న్యాయమైనవే. ఒక్కొక్కదానికే జవాబు వెదుకుదాము.

ఇది పిచ్చి కాదు

మన ఊళ్లలో ఒకరినొకరు ఎగతాళి చేయడానికి "ఎర్రగడ్డకు పంపాలి" అనే మాట వాడతారు. విశాఖ వైపు అయితే అక్కడి పిచ్చాసుపత్రి పేరు చెబుతారు. ఈ ఎగతాళి వలన ఎంత నష్టం జరిగిందో లెక్కలేదు. వైద్యానికి వెళ్లవలసినవాడు ఆ పేరు విని వెనక్కి తగ్గుతాడు. బెంగళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ 2015–16లో 12 రాష్ట్రాలలో జరిపిన జాతీయ సర్వేలో, పెద్దవారిలో నూటికి దాదాపు 10 మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారని తేలింది. జబ్బును బట్టి నూటికి 70 నుండి 92 మంది వరకు వైద్యం అందనివారే. అంటే ఒక సంఘంలో ఆదివారం 100 మంది పెద్దలు కూర్చుంటే, వారిలో పదిమంది చెప్పుకోలేని బాధతో కూర్చుని ఉండవచ్చు. వీరిలో ఎక్కువమంది పొలం పని, వంట పని, ఉద్యోగం చేసుకుంటూనే లోపల కుంగిపోయేవారు.

పేరు, డబ్బు ఉన్నవారికి ఈ బాధ రాదని కూడా అనుకోవద్దు. 2000లో 'చిత్రం', 2001లో 'నువ్వు నేను', 'మనసంతా నువ్వే' సినిమాలతో ఇంటింటా తెలిసిన నటుడు ఉదయ్ కిరణ్ 2014 జనవరి 5న హైదరాబాదులో తన ప్రాణం తానే తీసుకున్నాడు. అప్పటికి అతని వయస్సు 33 సంవత్సరాలు. అటువంటి మరణానికి ఇదే కారణమని వేలెత్తి చెప్పడం ఎవరికీ తగదు. అయితే చప్పట్లు మనిషిని కాపాడలేవన్న సంగతి ఆ రోజు తెలుగువారందరికీ తెలిసింది.

తరువాతి సంవత్సరాలలో సినిమావారిలో కొందరు నోరు విప్పారు. హిందీ నటి దీపికా పడుకోణె తన కుంగుబాటును గురించి 2015లో బహిరంగంగా చెప్పింది. తనను చూడడానికి వచ్చిన తల్లే ముందు దానిని గుర్తుపట్టి, తెలిసినవారి సహాయం తీసుకోమన్నదని ఆమె చెప్పింది. 'దేవదాసు', 'పోకిరి' సినిమాలతో మన తెలుగువారికి తెలిసిన ఇలియానా 2017 నవంబరులో ఢిల్లీలో జరిగిన ప్రపంచ మానసిక ఆరోగ్య మహాసభలో మాట్లాడింది. తన శరీరం పట్ల తనకే కలిగిన అసహ్యాన్ని, కుంగుబాటును, చనిపోవాలన్న తలంపును కూడా ఆమె దాచలేదు. దానంతట అదే పోతుందని కూర్చోకుండా సహాయం తీసుకోమని కోరింది. 2022 జనవరిలో హైదరాబాదులో రోష్ని ట్రస్టువారు పాల్గొన్న ఒక సభలో సమంత, తన మనస్సు గాయపడిన కాలంలో కౌన్సిలర్లు, స్నేహితులు ఆదుకున్నందువలననే నిలదొక్కుకున్నానని చెప్పింది. ఒంటికి బాగాలేకపోతే డాక్టరు దగ్గరకు ఎంత మామూలుగా వెళ్తామో, మనస్సు కోసం కూడా అంత మామూలుగా వెళ్లాలన్నది ఆమె మాటల సారం.

సినిమా తారలను చూసి మనం బ్రతుకు నేర్చుకోవాలని మేము చెప్పడం లేదు. ఎంతో ఎత్తున ఉన్న మనిషి "నాకు సహాయం కావలసి వచ్చింది" అని సిగ్గుపడకుండా చెప్పగలిగినప్పుడు, వారి వెనుక లైటు మోసే పిల్లవాడు, గుంపులో నిలబడే జూనియర్ ఆర్టిస్టు, పల్లెలో ఉన్న అతని తల్లి ఎందుకు సిగ్గుపడాలి అని మాత్రమే అడుగుతున్నాము. 2020 మార్చిలో కరోనా వలన షూటింగులు ఆగిపోయినప్పుడు చిరంజీవి మొదలైనవారు కరోనా క్రైసిస్ చారిటీ అని పెట్టి సినీ కార్మికుల ఇళ్లకు నిత్యావసరాలు పంపారు. అది మంచి పని. ఆకలి కనబడుతుంది కనుక బియ్యం వస్తాయి. కుంగుబాటు కనబడదు. దానిని ఎవరైనా అడిగి తెలుసుకోవాలి.

విశ్వాసము తక్కువైనందుకా?

మన పాఠకులలో చాలామందిని బాధపెట్టే ప్రశ్న ఇదే. ఏలీయా ప్రవక్తను తలంచుకోండి. కర్మెలు కొండ మీద అంత గొప్ప విజయం చూసిన మనిషి, ఒక బెదిరింపు విని అరణ్యంలోకి పారిపోయి, బదరీ వృక్షం క్రింద కూర్చుని ఇక చాలు, చచ్చిపోతానన్నాడు. దేవుడు అతనిని గద్దించలేదు. ముందు నిద్రపోనిచ్చాడు. దూత చేత రొట్టె, నీళ్లు ఇప్పించాడు. మళ్లీ నిద్రపోనిచ్చాడు, మళ్లీ తినిపించాడు. ఆ తరువాతనే మాట్లాడాడు, అతని గోడు చెప్పుకోనిచ్చాడు, చివరికి ఎలీషా అనే తోడును చూపించాడు. ఏలీయాకు విశ్వాసం లేదని మనలో ఎవరము అనగలము?

ఇంకొక సాక్ష్యం మన దేశంలోనే ఉన్నది. అమెరికా నుండి 1907లో మన దేశానికి వచ్చిన మెథడిస్టు మిషనరీ ఇ. స్టాన్లీ జోన్స్ పేరు పెద్దవారు విని ఉంటారు. మొదటి ఎనిమిదేళ్ల సేవలో ఆయన మనస్సు, శరీరం పలుమార్లు కుప్పకూలాయి. విశ్రాంతికి స్వదేశం వెళ్లి వచ్చినా మళ్లీ పడిపోయాడు. చివరకు ప్రార్థనలో తనకు స్వస్థత కలిగిందని ఆయన సాక్ష్యం చెప్పాడు. ఆ సాక్ష్యం చెప్పిన మనిషే 1950లో లక్నోలో నూర్ మంజిల్ అనే మానసిక వైద్య కేంద్రాన్ని స్థాపించాడు. ప్రార్థన వలన బాగుపడినవాడే ఇతరుల కోసం వైద్యులను పిలిపించాడు. ఆ రెంటికీ విరోధం ఉన్నట్లు ఆయనకు తోచలేదు. మన తెలుగువారు ఎన్నో రోగాలకు వెళ్లే వేలూరు క్రైస్తవ ఆసుపత్రి కూడా బాగాయంలో మానసిక వైద్యానికి వేరే కేంద్రం నడుపుతున్నది. అక్కడ చేర్చుకున్న రోగితో పాటు కుటుంబంలో ఒకరు ఉండాలి. రోగిని విడిగా పెట్టి తాళం వేయడం కాక, ఇంటివారిని కూడా వైద్యంలో భాగం చేయడం అక్కడి పద్ధతి.

కనుక ప్రార్థించండి, వైద్యానికి కూడా తీసుకువెళ్లండి. ఒకటి మాత్రం గట్టిగా చెప్పాలి. ఎవరైనా, ఎంతటివారైనా, "మాత్రలు మానేస్తేనే ప్రార్థన ఫలిస్తుంది" అంటే ఆ మాట వినవద్దు. షుగరు మాత్రలు, బి.పి. మాత్రలు వేసుకుంటూ ప్రార్థించేవారికి ఇది అర్థం కాని సంగతి కాదు. మనస్సుకు ఇచ్చే మందులను ఒక్కసారిగా మానేస్తే జబ్బు తిరగబెట్టవచ్చు. తగ్గించాలన్నా, ఆపాలన్నా, రాసిన డాక్టరే చెప్పాలి.

బోర్డు మీద ఏమి రాసి ఉన్నది?

జూబిలీహిల్స్ చెక్‌పోస్టు నుండి ఫిల్మ్‌నగర్ వైపు వెళ్లే దారులలో అద్దాల మేడల మీద ఎన్నో బోర్డులు కనబడతాయి. ఒకే పనికి ఇన్ని పేర్లేమిటా అని పల్లె నుండి వెళ్లినవారు తికమకపడతారు. ముఖ్యంగా మూడు రకాలు గుర్తుపెట్టుకుంటే చాలు.

మొదటివారు సైకియాట్రిస్టు, అంటే మానసిక వైద్యుడు. ఎం.బి.బి.ఎస్. చదివి, ఆ పైన మనోవైద్యంలో ఎం.డి. గాని, దానికి సమానమైన చదువు గాని చదివినవారు. మెడికల్ కౌన్సిల్‌లో వారికి రిజిస్ట్రేషను నెంబరు ఉంటుంది. మందులు రాసేది వీరే. థైరాయిడ్ లోపం, రక్తహీనత వంటి శరీర కారణాలు ఉన్నాయేమో పరీక్ష చేయించేదీ వీరే.

రెండవవారు క్లినికల్ సైకాలజిస్టు. మనస్తత్వ శాస్త్రం చదివి, ఆసుపత్రిలో శిక్షణ పొందినవారు. 1992 నాటి చట్టం క్రింద ఏర్పడిన రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో వీరి పేరు నమోదై ఉండాలి. వీరు మందులు రాయరు. పరీక్షలు చేస్తారు, మాటల ద్వారా చికిత్స చేస్తారు. దానినే సైకోథెరపీ అంటారు.

మూడవవారు కౌన్సిలర్లు. ఈ పేరుతో బోర్డు పెట్టినవారందరి చదువూ ఒకటే కాదు. రెండేళ్లు ఎం.ఎ. లేక ఎం.ఎస్సి. చదివి, పెద్దల పర్యవేక్షణలో పని నేర్చుకున్నవారు ఉన్నారు. నాలుగు వారాల తరగతికి వెళ్లి సర్టిఫికెట్టు గోడకు తగిలించుకున్నవారూ ఉన్నారు. అందుకే ఇక్కడ అడిగి తెలుసుకోవడం మరీ అవసరం.

దుఃఖం, భార్యాభర్తల తగవు, పరీక్ష భయం, అవకాశాలు రాలేదన్న నిరాశ వంటి వాటికి మంచి కౌన్సిలరు గాని, సైకాలజిస్టు గాని చాలా మేలు చేయగలరు. కాని వారాల తరబడి నిద్ర లేకపోవడం, అన్నం మానేయడం, లేని మాటలు చెవిలో వినబడడం, అందరూ తనపై కుట్ర పన్నుతున్నారని అనుమానించడం, చనిపోతాననడం కనబడితే ముందు మానసిక వైద్యుని దగ్గరకే వెళ్లాలి. ఇటువంటివారిని మంచి కౌన్సిలరు తానే డాక్టరు దగ్గరకు పంపిస్తారు. పంపించనివారిని నమ్మవద్దు.

ఆ గదిలో ఏమి జరుగుతుంది?

వెళ్లని వారికి ఆ గది గురించి భయం. విద్యుత్తు షాకులు పెడతారనీ, మత్తు ఇచ్చి రహస్యాలు రాబడతారనీ అనుకుంటారు. అవన్నీ మనం సినిమాలలో చూసినవే. కౌన్సిలింగు గదిలో రెండు కుర్చీలు, ఒక బల్ల ఉంటాయి. ఒక్కొక్క సిట్టింగు సుమారు 45 నిమిషాల నుండి గంట వరకు. మొదటి రోజు పేరు, ఇల్లు, చదువు, బాధ ఎప్పుడు మొదలైనది, నిద్ర, ఆకలి, తాగుడు, ఇంట్లో ఇంతకు ముందు ఎవరికైనా ఇలా ఉన్నదా అని అడుగుతారు. తరువాత వారానికొకసారి రమ్మనడం మామూలు.

మాటలతో జబ్బు తగ్గుతుందా అని అనుమానం రావచ్చు. ఒక ఉదాహరణ చెబుతాము. అమెరికా వైద్యుడు ఆరన్ బెక్ 1960లలో రూపొందించిన ఒక పద్ధతి ఇప్పుడు ప్రపంచమంతా వాడుకలో ఉన్నది. ఆడిషన్‌కు వెళ్లిన పిల్లవాడిని వద్దన్నారనుకోండి. "ఈ పాత్రకు నన్ను తీసుకోలేదు" అనుకోవలసినవాడు "నేను దేనికీ పనికిరాను, ఇంటికి ముఖం ఎలా చూపించను" అనుకుంటాడు. ఆ తలంపు వలన గదిలోనే పడుకుంటాడు. పడుకున్నందువలన మరుసటి అవకాశం పోతుంది. పోయింది కనుక ఆ తలంపు నిజమే అనుకుంటాడు. చికిత్స చేసేవారు ఈ గొలుసును అతని చేతనే కాగితం మీద రాయిస్తారు. పనికిరానని అనడానికి రుజువేమిటి, కాదనడానికి రుజువేమిటి అని అడుగుతారు. రేపు ఉదయం లేచి ఒక్క గంట నడవమని, ఒక్క స్నేహితునితో మాట్లాడమని చిన్న పని అప్పగిస్తారు. వచ్చే వారం ఏమయిందో అడుగుతారు. కొన్ని వారాలలో ఆ గొలుసు సడలుతుంది.

మొదటి సిట్టింగులోనే తేలికపడాలని ఆశించవద్దు. పాత పుండును కడిగినప్పుడు ఆ పూట నొప్పి ఎక్కువే. మందులు రాసినా, కుంగుబాటుకు ఇచ్చే మాత్రలు గుణం చూపడానికి తరచుగా రెండు నుండి నాలుగు వారాలు, ఒక్కొక్కసారి ఇంకా ఎక్కువ పడుతుంది. మూడు రోజులు వేసి "ఏమీ లేదు" అని పారేయకూడదు.

అక్కడ చెప్పినది బయటకు పోతుందేమోనన్న భయం ఇంకొకటి. 2017లో వచ్చి 2018 మే నెలలో అమలైన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, వైద్యం పొందేవారి వివరాలు గోప్యంగా ఉంచాలని చెబుతున్నది. ప్రాణాపాయం ఉన్నప్పుడు, న్యాయస్థానం అడిగినప్పుడు వంటి కొన్ని సందర్భాలకే మినహాయింపు. రోగిని గొలుసులతో కట్టివేయడాన్ని ఆ చట్టం నిషేధించింది. శరీర రోగాలకు బీమా ఇచ్చినట్లే మానసిక రోగాలకూ ఇవ్వాలని బీమా కంపెనీలను ఆదేశించింది. ప్రాణం తీసుకోబోయి బ్రతికినవారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లే భావించాలి, వారిని శిక్షించకూడదు అని కూడా అందులో ఉన్నది. పోలీసు కేసు భయంతో అటువంటివారిని ఆసుపత్రికి తీసుకుపోకుండా దాచిపెట్టేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

డబ్బు ఇచ్చే ముందు అడగండి

ప్రైవేటుగా ప్రాక్టీసు చేసేవారి దగ్గరకు వెళితే సిట్టింగుకింత అని ఫీజు ఉంటుంది. అది కొన్ని వందల నుండి కొన్ని వేల వరకు ఉండవచ్చు. ఒక్కసారితో అయ్యేది కాదు కనుక ముందే నోరు తెరిచి అడగండి. అడగడం అమర్యాద కాదు. కోడెదూడను కొనేటప్పుడు పళ్లు చూడకుండా కొనము గదా. ఈ ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్లండి.

1. అయ్యా, లేక అమ్మా, మీరు ఏమి చదువుకున్నారు? మీ రిజిస్ట్రేషను నెంబరు ఎంత?
2. ఇటువంటి బాధకు ఏ పద్ధతిలో చికిత్స చేస్తారు? సుమారు ఎన్ని సిట్టింగులు పట్టవచ్చు?
3. ఒక్కొక్క సిట్టింగుకు ఎంత? రాలేకపోతే ఆ డబ్బు పోతుందా?
4. మందులు అవసరమైతే ఏ డాక్టరు దగ్గరకు పంపుతారు?
5. మేము ఊరికి వెళ్లిపోయాక ఫోనులోనో, వీడియోలోనో మాట్లాడవచ్చునా?

మంచివారు ఈ ప్రశ్నలకు కోపగించుకోరు. కొన్ని గుర్తులు కనబడితే మాత్రం లేచి వచ్చేయండి. నూటికి నూరుపాళ్లు నయం చేస్తామని మాట ఇవ్వడం, ఇరవై సిట్టింగుల డబ్బు మొదటి రోజే కట్టమనడం, వేసుకుంటున్న మందులు మానేయమనడం, ఒంటి మీద చెయ్యి వేయడం, బయట కలుద్దామనడం, సినిమాలో అవకాశం ఇప్పిస్తాననడం ఇటువంటి గుర్తులు. గోడ నిండా సినిమావారితో దిగిన ఫోటోలు పెట్టి, "ఫలానా హీరో నా దగ్గరకే వస్తాడు" అని చెప్పుకునేవారు ఉంటే జాగ్రత్త. ఈ రోజు వారి సంగతి మీకు చెప్పినవారు రేపు మీ సంగతి ఇంకొకరికి చెబుతారు.

అంత డబ్బు లేనివారు నిరాశపడవద్దు. జూబిలీహిల్స్ చెక్‌పోస్టులో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారితే ఎర్రగడ్డ ఎంతో దూరం లేదు. అక్కడి ప్రభుత్వ మానసిక వైద్యశాలలో ఓ.పి. చూస్తారు. మన ఎగతాళికి పాత్రమైన ఆ చోటే ఎందరో పేదవారికి ఆధారం. విశాఖపట్నంలోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నది. మీ జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుడు ఏ రోజుల్లో కూర్చుంటారో విచారించండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్‌కు 14416 అనే నెంబరుకు ఏ వేళనైనా ఫోను చేయవచ్చు. డబ్బు అక్కరలేదు, తెలుగులో మాట్లాడతారు. ఈ నెంబరును మీ బైబిలు అట్ట లోపల రాసిపెట్టుకోండి.

మనము చేయవలసినది

కౌన్సిలరు వారానికి ఒక గంట మాత్రమే చూస్తారు. మిగిలిన గంటలన్నీ ఆ బిడ్డ మన మధ్యనే ఉంటాడు. కనుక ఇంటివారి పని చిన్నది కాదు. యోబు స్నేహితులు ముగ్గురూ ఏడు రోజులు అతని ప్రక్కన నేల మీద మౌనంగా కూర్చున్నంతకాలం మంచి స్నేహితులే. నోరు తెరిచి తప్పులు వెదకడం మొదలుపెట్టిన తరువాతనే గాయం పెరిగింది. "నీకేం తక్కువ చేశాము?", "నీకన్నా కష్టపడేవాళ్లు లేరా?" అనే మాటలు మానండి. "నిద్ర పడుతున్నదా బాబూ? ఏమి తిన్నావు? నాతో చెప్పగలిగితే చెప్పు, నేను వింటాను" అనండి. డాక్టరు దగ్గరకు ఒంటరిగా పంపక వెంట వెళ్లండి. గది లోపలికి మాత్రం అతను రమ్మంటేనే వెళ్లండి. బయటకు వచ్చాక "ఏమి చెప్పావు? మా గురించి ఏమన్నావు?" అని తరచి తరచి అడగవద్దు.

మందూ మాటా పూర్తికాక ముందే బాగుపడతాడని పెళ్లి చేయడం ఇద్దరి బ్రతుకులతో ఆడుకోవడమే. వచ్చే ఇంటి ఆడపిల్ల కూడా ఒక తల్లి కన్న బిడ్డే గదా.

"చచ్చిపోవాలని ఉంది" అని ఎవరైనా అంటే బెదిరింపు అని కొట్టిపారేయవద్దు. "నిజంగా అలాంటి ఆలోచన వస్తున్నదా?" అని సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్న భయం వద్దు. అడిగితే గుండె బరువు కొంత దిగుతుంది. అతనిని ఒంటరిగా వదలవద్దు. ఇంట్లో ఉన్న పురుగుమందులు, మాత్రలు తాళం వేసి పెట్టండి, వీలైతే ఇంటి నుండి తీసివేయండి. వచ్చే వారం అపాయింట్‌మెంటు ఉన్నదని ఆగవద్దు. 108కి ఫోను చేసి దగ్గరలో ఉన్న ఆసుపత్రికి ఆ క్షణమే తీసుకువెళ్లండి.

సంఘ కాపరులకు, స్త్రీల సమాజపు పెద్దలకు కూడా ఒక మనవి. మొదట ఎవరికైనా చెప్పుకోవాలంటే మన ప్రజలు మీ దగ్గరకే వస్తారు. అది మీకు దొరికిన గొప్ప నమ్మకం. వారు చెప్పిన దానిని ప్రార్థన విన్నపమని పేరు పెట్టి పదిమందిలో చదవవద్దు. దయ్యమని తొందరపడి చేతులు కాళ్లు కట్టనివ్వవద్దు. విని, ప్రార్థించి, "రండి, డాక్టరు దగ్గరకు నేను కూడా వస్తాను" అనగలిగిన కాపరి ఆ కుటుంబానికి చేసే సేవ చాలా పెద్దది. నగరంలో ఉన్న సంఘాలు కృష్ణానగర్ వంటి చోట్ల గదులలో ఉండే మన పిల్లలను ఆదివారం భోజనానికి పిలిస్తే, ఫోనులో "బాగానే ఉన్నాను" అన్న మాట ఎంతవరకు నిజమో ఎదురుగా కూర్చున్నప్పుడు తెలుస్తుంది.

ఈ పత్రిక చదివిన తరువాత దూరాన ఉన్న మీ బిడ్డకు, తమ్మునికి, చెల్లెలికి ఒక ఫోను చేయండి. పని దొరికిందా, డబ్బు పంపుతావా అన్న ప్రశ్నలు ఈ ఒక్కసారికి పక్కన పెట్టండి. ఎలా ఉన్నావని అడిగి, జవాబు పూర్తయ్యేదాకా వినండి. జవాబులో బాధ వినబడితే, వెళ్లి తీసుకువచ్చి, తెలిసినవారి తలుపు తట్టండి. ఆ తలుపు దాకా మీరూ తోడు నడవండి.